రిపోర్టులు బాగున్నాయి, మరి అమ్మ?

అమ్మకి రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. మొన్న రిపోర్టులు చూసి 'బాగా తగ్గిందమ్మా' అన్నారు డాక్టరుగారు. ఇంటికి రాగానే అమ్మ మంచం మీద వాలిపోయింది. 'వాపు తగ్గింది నిజమేరా, ఒంట్లో ఓపికే లేదు' అంది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. టెస్టులన్నీ పాసవుతాయి, వాడేవాళ్లు మాత్రం ఫోన్ చేసి తిడతారు.

మందు పనిచేసిందని ఎలా తేలుస్తారు? క్లినికల్ ట్రయల్స్‌లో ఒకరు వాపు, మరొకరు నొప్పి కొలిస్తే రెండు మందుల్ని పోల్చలేం. అందుకే ఈ జబ్బుకి అందరూ తప్పక కొలవాల్సినవేంటో తేల్చడానికి 1992లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో డాక్టర్లు, పరిశోధకులు కూర్చున్నారు. అదే 'ఒమెరాక్ట్'. నొప్పి, వాపున్న కీళ్లు, రక్తపరీక్ష... ఇలా జాబితా తయారైంది. అందులో నీరసం లేదు!

2002లో తొలిసారి రోగుల్నీ ఆ సమావేశానికి పిలిచారు. మాకు నీరసం పెద్ద బాధ, దాన్నీ చూడండి అన్నది వాళ్ల మాట. 2006కి గానీ ఒప్పందం కుదరలేదు: ఇకపై ట్రయల్స్‌లో వీలైనప్పుడల్లా నీరసాన్నీ కొలవాలని.

జాబితా రాసుకుంటే చాలదండీ. ట్రయల్స్ చేసే డాక్టర్లు, మందుల కంపెనీలు, అనుమతులిచ్చేవాళ్లు దాన్ని పాటించాలి. పాటించాలంటే తయారుచేసేటప్పుడే వాళ్లూ ఉండాలి. అందరికంటే ముందు, మందు మింగేవాళ్లుండాలి.

ఇప్పుడు అమ్మ ఫైల్లో ఒక కాగితం చేర్చాను. రోజూ ఓపికకి పదికి ఎన్ని మార్కులో తనే వేస్తుంది. నిన్న మూడు. ఈసారి డాక్టరుగారికి రిపోర్టులకంటే ముందు అదే చూపిస్తాం.