చుట్ట మీద చుట్ట

కోనసీమలో కొబ్బరికాయ అమ్ముకుంటాం, పీచును తాళ్లకూ పరుపులకూ పంపేస్తాం. ఆ పీచు తాడునే చుట్టలు చుట్టి, దబ్బనంతో కుట్టుకుంటూ పోతే పూలబుట్ట అవుతుంది, గోడకు తగిలించే పళ్లెం అవుతుంది. ఈ సంచిక ఆ పని గురించే.

పద్ధతి మనకు కొత్తది కాదు. వరిగడ్డితో వెంటి పేని, వరుస మీద వరుస చుట్టి ధాన్యపు పురి కట్టిన ఊళ్లు ఇవి. కడవ కింద పెట్టే చుట్టకుదురూ ఈ కుటుంబానిదే. నేతకు పడుగూ పేకా కావాలి. దీనికి చుట్టేందుకు ఒక తాడు, కుట్టేందుకు ఒక దారం చాలు. నడిమధ్య మొదటి చుట్ట బిగువుగా రావాలి. అది వదులైతే అడుగు నిలవదు. ఆపై ప్రతి కుట్టూ కింది వరుసను పట్టుకోవాలి. చుట్టను పక్కకు పరిస్తే పళ్లెం, పైకి ఎక్కిస్తే బుట్ట. చివర తాడు కొసను పలచబరిచి కింది చుట్టలో కలిపేస్తేనే అంచు నునుపుగా ముగుస్తుంది.

వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. అక్కడి క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ లేసు పక్కన పెట్టి తాడు పనిని మోటుదని తక్కువ చేయడం అన్యాయం. ఈ పనికీ అంతే ఓర్పు కావాలి.

అమలాపురం, రాజోలు, కొత్తపేట పాఠకులకు ఒక మనవి: మీ ఇంట్లో పురి కట్టడం తెలిసిన పెద్దలుంటే, వారిని అడిగి ఆ తీరు మాకు రాసి పంపండి.