ఉపగ్రహ చిత్రంలో కనబడని పేట

పట్టణాల పరీవాహక ప్రాంతాలను ఉపగ్రహ చిత్రాలతో కాపాడుకోవాలన్న వాదన బలపడుతున్నది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా, హైదరాబాద్ చెరువుల హద్దులు తేల్చడానికి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాత చిత్రాలను ఆధారం చేసుకుంటున్నది. రేపు ఇదే పద్ధతి మండపేట వంటి డెల్టా పట్టణాలకూ వస్తుంది, రావాలి కూడా. అయితే ఆ చిత్రాన్ని ఎవరు, ఏ చట్టం పక్కన పెట్టుకొని చదువుతారన్నది కుల ప్రశ్న.

డెల్టాలో పరీవాహకమంటే కొండవాలు కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి నేల పంట కాలువకూ మురుగు కాలువకూ మధ్య ఇమిడిపోయింది. మెరక మీద ఊరు. పల్లంలోనో, కాలువ గట్టు పోరంబోకులోనో దళితపేట. పైనుంచి చూస్తే ఆ పేట జలవనరుల భూమిలో వెలసిన నిర్మాణం. పక్కనే వరిచేలను గ్రావెల్‌తో పూడ్చిన లేఅవుటు మాత్రం, రుసుము చెల్లించి అనుమతి పొందితే, సక్రమం. ఆ చేలు నిలుపుకొన్న వాననీరు ఇప్పుడెటు పోతుంది? పల్లానికే.

రిసోర్స్‌శాట్ లిస్-3 కెమెరాకు ఒక చుక్క 23.5 మీటర్ల చదరం, అంటే దాదాపు పదమూడున్నర సెంట్లు. 2020లో గ్రామీణ పేదలకు ప్రభుత్వమిచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. ఒక్క చుక్కలో తొమ్మిది కుటుంబాలు! లిస్-4 చూపు 5.8 మీటర్లు. దానికి కప్పు కనబడుతుంది గానీ, కప్పు కింది పట్టా కాగితం కనబడదు.

జగ్‌పాల్ సింగ్ కేసులో (2011) గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించమన్న సుప్రీంకోర్టే, భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన లీజులను మినహాయించదగినవిగా గుర్తించింది. కానీ 2024 నవంబరు 13 నాటి బుల్డోజర్ తీర్పులోని పదిహేను రోజుల నోటీసు రక్షణ నదులు, జలవనరుల స్థలాల్లోని అనధికార కట్టడాలకు వర్తించదు. కాలువ గట్టును ఆ ఖాతాలో జమకడితే పేటకు ఆ కాస్త గడువూ దక్కదు.

అలాగని చిత్రాలను తిరస్కరించడం తెలివితక్కువ. లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితం. ఎకరాల కొద్దీ పూడ్చిన చేలు వాటిలో దాగవు. ఏ చేను ఏ ఏడాది పూడిందో, పేట ముందో లేఅవుటు ముందో మన విద్యార్థులే తేల్చగలరు. మబ్బు కమ్మిన వరద రోజున మామూలు కెమెరా గుడ్డిదే. 2022లో ప్రయోగించిన ఇఓఎస్-04 రాడార్ మబ్బులను దాటి నిలిచిన నీటిని చూపుతుంది. ఈ రెండు రకాల చిత్రాలనూ సర్వే నంబర్లతో జోడించి, వార్డుల వారీగా ప్రచురించి, పేట సభలో పరచి చదివించాలి. నోటీసుల సంగతి ఆ తర్వాత. అవీ పూడ్చిన చేల నుంచి మొదలు కావాలి.