రెండు తూనికరాళ్లు



గత వేసవిలో ఇక్కడ కార్వేటినగరములో మా సంఘపు యౌవనస్థుడొకడు ఒక అట్టపెట్టె మోసుకొని మా ఇంటికి వచ్చాడు. పెండ్లి ఊరేగింపులకు సౌండు బాక్సులు కట్టి పాటలు వేయుట అతని జీవనము. పెట్టెలో ఉన్నది డీజేలు వాడే టర్న్‌టేబుల్. మన తాతలు ప్లేట్లు వేసి విన్న గ్రామఫోనుకు ఇది మనుమడు వంటిది. ఫోనులో ప్రకటన చూచి, ఒకరు వాడినదానిని 18,000 రూపాయలకు తెప్పించుకొన్నాడు. ఆ డబ్బు అతని తల్లి మామిడికాయలు అమ్మి దాచుకొన్నది.

"మోసపోయినానయ్యగారూ! గుయ్యిమని ఒకటే మోత. పాట సన్నగా వినిపిస్తుంది. వేగం నిలకడగా లేదు. అమ్మకింకా చెప్పలేదు" అన్నాడు.

ఇట్టి యంత్రములు పాతవే ఎందుకు చేతులు మారుచుండునో మొదట చెప్పవలెను. జపాను దేశపు టెక్నిక్స్ సంస్థ 1972లో ఎస్‌ఎల్-1200 అనే యంత్రమును తెచ్చింది. ఇంటిలో పాటలు వినువారి కొరకు చేసినదే గాని, పళ్లెము క్రిందనే మోటారు ఉండి వెంటనే వేగమందుకొనుట వలన డీజేలు దానిని తమదిగా చేసికొన్నారు. 2010లో తయారీ ఆపి, 2016లో మరల మొదలుపెట్టారు. క్రొత్తవి ఖరీదు గనుక, ఇట్టి యంత్రములలో పాతవాటికి గిరాకీ తగ్గలేదు.

ఇద్దరమూ పుత్తూరులో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన ఒక పెద్దమనిషి వద్దకు వెళ్లాము. ఆయన చూచి నవ్వాడు. "ఈ సన్న తీగను యాంప్లిఫయరుకు ఎర్త్ ఇయ్యకపోతే మోత రాక ఏమొస్తుంది నాయనా?" అన్నాడు. ముల్లు నుండి వచ్చు ధ్వని మిక్కిలి బలహీనమైనది; దానిని ఫోనో అని వ్రాసిన చోట తగిలించవలెను. ఇతడు వేరొక చోట తగిలించాడు. ఆ రెండూ సరిచేయగానే పాట చక్కగా పలికింది. మూడు ఫిర్యాదులలో రెండు మా తెలియనితనమే!

మూడవది మాత్రము నిజమైన లోపము. పళ్లెము అంచున చుక్కలుండును. వేగము సరిగా ఉన్నయెడల, ప్రక్కనున్న చిన్న దీపపు వెలుగులో ఆ చుక్కలు కదలక నిలిచినట్లు కనబడును. ఇక్కడ అవి ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు పోవుచున్నవి. వేగము మార్చు మీటలోని దుమ్ము తుడిచినా ఫలితము లేదు. విప్పి చూడగా లోపలి బోర్డు మీద అంతకుముందే ఎవరో సోల్డరింగు చేసిన గుర్తులున్నవి. ప్రకటనలో మాత్రము ఏ లోపమూ లేదని వ్రాసియున్నది. అమ్మినవాడు ఒక్కసారి ఫోను ఎత్తాడు. ఆ తరువాత ఎత్తలేదు.

ఇట్టి సమయములో ఏమి చేయవచ్చును? అమ్మినవాడు వ్యాపారి అయినచో 2019 వినియోగదారుల రక్షణ చట్టము మనకున్నది. 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. జిల్లా కమిషనులో రెండేండ్లలోపు ఫిర్యాదు ఇవ్వవలెను; 5 లక్షల రూపాయల వరకు వెలగల వస్తువుకు రుసుము లేదు; మనము నివసించు జిల్లాలోనే వేయవచ్చును. కాని సొంత వస్తువును అమ్ముకొన్న మామూలు మనిషి ఆ చట్టము క్రింద వ్యాపారి కాడు. మన బిడ్డకు అమ్మినవాడు అట్టివాడే. అందుచేత ముందుజాగ్రత్తయే మేలు. వస్తువు నడుచుచుండగా వీడియో అడగండి. వెనుక 120 వోల్టులని మాత్రమే వ్రాసియున్న యంత్రమును మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలించకండి. ప్రకటనను, అమ్మినవాడు పంపిన మాటలను చెరపకుండ దాచండి. పెట్టె విప్పునప్పుడు మీరును వీడియో తీయండి. కూడినంతవరకు స్వయముగా వెళ్లి చూచి డబ్బు ఇవ్వండి.

తిరిగి వచ్చుచుండగా బస్సులో అతడు మెల్లగా అన్నాడు: "పాట బాగానే మోగుతుంది గదయ్యా. నేనూ అట్లే ఏ లోపమూ లేదని రాసి అమ్మేస్తా. చుక్కలెవరు చూస్తారు?"

నిజము చెప్పవలెనంటే, ఆ తల్లి కష్టము తలచుకొని నేనును కొంతసేపు మాటలాడలేకపోయాను. ఆ తరువాత, "నాయనా, నీ దగ్గర కొనేవాడు కూడా ఎవరో తల్లి డబ్బే తెస్తాడేమో" అన్నాను. అతడు కిటికీలోనుండి చూచుచు కూర్చున్నాడు.

ఆ రాత్రి అతడే తల్లికి అంతయు చెప్పాడు. ఆమె ఏడ్చింది, కోపపడింది. చివరకు, "పోయింది పోనీరా, ఇంకొకరి ఉసురు మనకొద్దు" అన్నది. అతడు వేగములోని లోపమును స్పష్టముగా వ్రాసి ప్రకటన పెట్టాడు. మద్రాసులో యంత్రములు బాగుచేయు ఒకాయన, విడిభాగముల కొరకు 7,000 రూపాయలకు తీసికొన్నాడు. నష్టము 11,000. ఒక్కొక్క పెండ్లి కూలిలో కొంత తీసి అతడు తల్లికి తీర్చుచున్నాడు. ఇంకను తీరలేదు.

కొనునప్పుడు ఒక తూనికరాయి, అమ్మునప్పుడు ఇంకొకటి వాడు వర్తకుని మనమందరము నిందించుదుము. పాలు తగ్గిన ఆవును సంతకు తోలునప్పుడు, ఇంజను చెడిన బండిని బేరము పెట్టునప్పుడు, మన చేతిలోని రాయి ఏది? ఈ నెల మీ ఇంటిలో భోజనమునకు కూర్చున్నప్పుడు బిడ్డలతో ఈ సంగతి మాటలాడండి. మోసపోయి వచ్చిన బిడ్డ మొదట మనతోనే చెప్పుకొనగలుగునట్లు, కేకలు వేయకముందు ఒకమారు వాని మాట వినండి.