శుద్ధి కన్నా వాడుక ముఖ్యం

రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కే రైతు చేతిలోని కాగితాలు చూడండి. దస్తావేజు, రసీదు, నకలు. పొలం సరిహద్దులు రాసే చోటు పేరు చెక్కుబందీ. పారసీ, ఉర్దూల్లో సాగిన పాలన వదిలివెళ్లిన మాటలే వీటిలో ఎక్కువ. ఆ మాటకొస్తే రైతు, జిల్లా కూడా అరబ్బీలో పుట్టి పారసీ మీదుగా వచ్చినవే. వాటిని పరాయివని ఏ రైతూ అనుకోడు.

భాషాశుద్ధి కోరేవారు అచ్చతెలుగు కావ్యాలను గుర్తుచేస్తుంటారు. 16వ శతాబ్దంలో పొన్నెగంటి తెలగన రాసిన ‘యయాతి చరిత్ర’కు తొలి అచ్చతెలుగు కావ్యమన్న పేరుంది. దాన్ని అంకితం పుచ్చుకున్నది మాత్రం గోల్కొండ కొలువులోని అమీన్‌ఖాన్! పైగా అచ్చతెలుగు నియమం తత్సమాలను వద్దందే గానీ, తద్భవాలను కాదనలేదు. మన నోట్లో నలిగి రూపు మారిన మాట మనదేనని ఆనాటి కవులే ఒప్పుకున్నారన్నమాట.

ఇప్పుడు శుద్ధి పేరిట జరిగేది వేరు. ఇంగ్లీషు మాట తీసేసి, ఆ స్థానంలో సంస్కృత సమాసం కూర్చోబెట్టి, అదే తెలుగంటున్నారు. పైనుంచి వచ్చే పేర్లను జనం తమ వీలుకొద్దీ మార్చుకుంటారు. 1985లో మండలాలు వచ్చాక తహసీల్దారు కాస్తా మండల రెవెన్యూ అధికారి అయ్యారు. జనానికి అంత పొడుగు పేరుతో పనిలేకపోయింది, ఎమ్మార్వో అనేశారు. తర్వాత ప్రభుత్వమే తహసీల్దారు పేరును మళ్లీ తెచ్చినా, ఊళ్లలో ఇప్పటికీ అది ఎమ్మార్వో ఆఫీసే.

అలాగని అరువుమాటలన్నింటినీ ఒకే గాటన కట్టలేం. బస్సెక్కుతాం, రైళ్లలో తిరుగుతాం. మన వ్యాకరణంలో ఆ మాటలు ఇమిడిపోయాయి. టీవీ వంటల కార్యక్రమాల్లో ‘మిక్స్ చేసి, కట్ చేసి, ఫ్రై చేసి’ అంటుంటే మాత్రం కలపడం, తరగడం, వేయించడం మూలన పడుతున్నాయి. లేని వస్తువుకు పేరు అరువు తెచ్చుకోవచ్చు. ఉన్న క్రియను పారేసుకోవడం దండగ.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. అధికార భాషా చట్టం 1966లోనే చేసుకున్నాం, జీవోలు మాత్రం ఇంకా ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తున్నాయి. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. రాష్ట్రపతి అనుమతితో గవర్నరు వాదనలను రాష్ట్ర భాషలో సాగనివ్వవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ వీలు దక్కలేదు. 2023లో తెలంగాణ హైకోర్టు ఓ ఆస్తి తగాదాలో తీర్పును తెలుగులోనూ ఇస్తే అది పెద్ద వార్తయింది. భాషాభిమానులు ముందు ఇలాంటి తీర్పుల కోసం పట్టుబట్టాలి. వాటిలో వకీలు, అప్పీలు, స్టే అనే మాటలుంటే ఉండనివ్వండి.