‘టీజింగ్’ ఎవరి మాట?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుని అశోక్‌నగర్ హాస్టళ్లకు నడిచిపోయే అమ్మాయిల వెంటపడి వేధిస్తే, దాన్ని మనమూ ‘ఈవ్ టీజింగ్’ అనేస్తున్నాం. టీజింగ్ అంటే ఆటపట్టించడం. మరదలిని బావ ఆటపట్టిస్తాడు (అదీ ఆమెకిష్టమైతేనే!). దారినపోయేవాడికి ఆ చనువు ఎవరిచ్చారు? పైగా ఈవ్ అంటే బైబిల్లో హవ్వ. పండు తినిపించి ఆదామును చెడగొట్టిందన్న నింద ఆమెది. అంటే తప్పు ముందే ఆడదాని మీదికి వచ్చేసింది.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు వెలువరించిన చేతిపుస్తకం ఈ మాట మాని, వీధిలో లైంగిక వేధింపు అనమంది. భారతీయ న్యాయ సంహితలోనూ లైంగిక వేధింపు 75వ సెక్షన్, వెంటపడటం 78వ సెక్షన్ కింద నేరాలు. స్టేషన్లో ‘టీజ్ చేశాడు’ అని రాసుకుంటుంటే ఆపండి. వాడేమన్నాడో, ఎక్కడ చెయ్యి వేశాడో, ఎన్నాళ్లుగా వెంటపడుతున్నాడో అదే రాయించండి.