తొందరపడి స్విచ్చేయకండి!

అటక సర్దుతుంటే తాతయ్యగారి వాల్వు రేడియో బయటపడుతుంది. దుమ్ము దులిపి, 'పాడుతుందేమో చూద్దాం' అని వెంటనే ప్లగ్గు పెట్టేస్తారు ఎవరైనా. ఇన్నేళ్లూ అటక మీద భద్రంగా ఉన్న సెట్టు కాస్తా ఆ ఒక్క నిమిషంలో కాలిపోవచ్చు!

వాల్వులు గట్టివే. ముందు పాడయ్యేవి కండెన్సర్లు. మైనం పూసిన కాగితంతో చేసిన ఆనాటి కండెన్సర్లు తేమ పీల్చుకుని, ఆపాల్సిన కరెంటును వదిలేస్తుంటాయి. ఆ దెబ్బకి స్పీకరును పలికించే వాల్వు, దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మరూ మాడిపోతాయి.

అందుకే అనుభవమున్న మెకానిక్కులు ముందు పాత కండెన్సర్లు మార్చేస్తారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల కొత్తవి దొరుకుతాయి. తర్వాత పాతరకం 60 వాట్ల బల్బును సిరీస్‌లో కలిపి కరెంటిస్తారు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ఫర్వాలేదు. దేదీప్యంగా వెలుగుతూనే ఉంటే... లోపల ఎక్కడో షార్టయినట్టే.

ఇక మిగిలింది 'అలైన్‌మెంట్'. డయల్‌ మీద విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు పెడితే, రేడియో తన లోపల 1,292 కిలోహెర్ట్జ్ తరంగాన్ని పుట్టిస్తుంది. రెండింటికీ తేడా 455. స్టేషన్ మారినా ఈ తేడా మారదు. చాలా సెట్లలో లెక్క ఇదే. కొన్ని యూరప్ సెట్లలో మాత్రం 470 దాకా ఉంటుంది. లోపలి కాయిల్స్ సరిగ్గా ఆ తేడాకే పలకాలి. లేదంటే పాట సన్నబడుతుంది, స్టేషన్లు కలగాపులగమవుతాయి.

సిగ్నల్ జనరేటర్‌తో మొదట 455 పంపి ఆ కాయిల్స్ సరిచేస్తారు. ఆపైన డయల్‌లో 1,500 దగ్గర ట్రిమ్మరు, 600 దగ్గర కాయిల్ సర్దుతారు. ఒకటి సర్దితే రెండోది కాస్త కదులుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ చూసుకోవాలి. అదీ ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తోనే. ఇనుపది దగ్గరికొస్తే చాలు, లెక్క తప్పుతుంది. సెట్టు పలకట్లేదని చాలామంది ముందు ఈ మరలే తిప్పేస్తారు. తప్పు కండెన్సరుది, శిక్ష కాయిల్‌కి!

మరో మాట. స్విచ్చాపినా లోపల 250 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. కొన్ని సెట్లలో ఇనుప చట్రానికే మెయిన్ కరెంటు వస్తుంది. పని తెలియకుండా చెయ్యి పెట్టకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

అన్నీ కుదిరాక స్విచ్చేస్తే... అరనిమిషం వరకూ ఉలుకూ పలుకూ ఉండదు. వాల్వులు వేడెక్కాలి మరి. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ రేడియో విన్న ఆ రోజుల్లో, వార్తల కోసం తాతయ్య ఆ అరనిమిషమూ ఓపిగ్గా కూర్చునేవారు. ఆయన రేడియో ఇప్పుడు అడుగుతున్నదీ ఆ ఓపికే!