గోపురానికి ముందు లెక్క

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వేళ మన సంఘాల్లో ఎన్నో కుటుంబాలు ప్రార్థిస్తాయి; లెక్క మాత్రం వేయవు. మెకానికల్ సీటు కోసం 6 లక్షల విద్యారుణం తీసుకుంటే, 10 శాతం వడ్డీతో పదేళ్ల పాటు నెలకు సుమారు 7,900 రూపాయలు కట్టాలి. చదువుకునే కాలంలో వాయిదా ఉండకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ట్రైనీగా 18 వేలతో మొదలైతే, అద్దె, భోజనం పోగా మిగిలేదెంత? వాయిదా తప్పితే, సంతకం పెట్టిన తండ్రిదే భారం.

మెకానికల్ చెడ్డ చదువేమీ కాదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరితే బీటెక్‌లో ఒక ఏడాది ఫీజు తప్పుతుంది. గోపురం ఖర్చు ముందే చూసుకొమ్మన్నది ప్రభువే (లూకా 14:28). లెక్క వేయడం అవిశ్వాసం కాదు. తల్లిదండ్రులారా, సంతకానికి ముందు బిడ్డతో కూర్చుని ఆ లెక్క వేయండి, ఆపైన ప్రార్థించండి.